మూడు అడ్డగీతలు

నా ల్యాప్‌టాప్‌కి పదకొండేళ్ళు.
స్లైడ్ల సాఫ్ట్‌వేర్ తెరవమంటే
ఎర్రగుంట్ల గేటు దగ్గర గూడ్సుకు దారిచ్చిన లారీలా
అక్కడే నిలబడి రొప్పుతుంది.
ఈలోపు నేను టీ కాచుకుని తాగి
గ్లాసు కడిగి బోర్లించి వస్తాను.
తెర మీద నీలిచక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది.

సోమవారం కడపలో మీటింగు.
నాపరాయి కోత మిషన్ల దగ్గర పనిచేసేవాళ్ళ
ఊపిరితిత్తుల గురించి పది నిమిషాలు.
"కాస్త కలర్‌ఫుల్‌గా చెయ్యమ్మా ల్యాబు మేడం" అని
పైనుంచి ఫోను.

ఏ రంగు వెయ్యను సార్?
ఆ దుమ్ము ఏ రంగో
చిలంకూరులో తడిగుడ్డతో కిటికీ తుడిచిన
ఏ ఆడమనిషినడిగినా చెబుతుంది.

---

నిరుటి ఫైలు తీశాను. నలభై ఎనిమిది ఎంబీ.
మొదటి పేజీలో సూర్యోదయం, ఎవరిదో, ఎక్కడిదో.
రెండో పేజీలో తెలుగు అక్షరాలన్నీ
ఖాళీ డబ్బాలై వరసగా కూర్చున్నాయి,
రేషన్ షాపు ముందు సంచుల్లా.
మూడో పేజీలో చనిపోయినవాళ్ళ లెక్క
గింగిరాలు తిరుగుతూ వచ్చి మధ్యలో ఆగింది:
ఏడు.

వాళ్ళలో ఒక్కరూ అంత చురుగ్గా రాలేదు సార్ నా దగ్గరికి.
గళ్ళ (కఫం) డబ్బీ పట్టుకుని మూడు మెట్లెక్కడానికి
మూడుసార్లు కూర్చునేవాళ్ళు.

మూసేశాను.

---

నోట్‌ప్యాడ్ రెప్పపాటులో తెరుచుకుంది.
తొక్కుడుబిళ్ళ గడుల్లాంటి గుర్తు ముందుపెడితే తలకట్టు.
చిన్న గీత పెడితే ఒక మాట.
మూడు అడ్డగీతలు గీస్తే ఆ పలక అయిపోయినట్టు,
కొత్త పలక మొదలైనట్టు.
అంతే వ్యాకరణం.
మిగతాది ఒక బుల్లి ప్రోగ్రాం చూసుకుంటుంది,
తెల్లటి తెర మీద నల్లటి అక్షరాలు పెద్దవి చేసి.
నలభైమూడేళ్ళ దాన్ని, ఒక్క సాయంత్రంలో నేర్చుకున్నా.

నిజానికి అంతకుముందే తెలుసేమో.
మా నాయన గనిలో మేస్త్రీ.
పగిలిన నాపబండ గోడకు ఆనించి
సుద్దముక్కతో కూలోళ్ళ పేర్లు, దినాలు రాసేవాడు.
వారం తీరితే కింద అడ్డంగా గీత.
ఎవరైనా వచ్చి "మేస్త్రీ, నావి ఐదు కాదు ఆరు" అంటే
వేలితో చెరిపి ఆరు వేసేవాడు.

---

నాలుగు కేబీ అయింది మొత్తం.
టవరు ఒక్క గీతే ఉన్నా
చిలంకూరుకు పోయింది, నాగదస్తగిరి ఫోనుకి.
ఆరో పలకలో ఉన్నది ఆయన కథే మరి,
చూపించకుండా ఎట్లా?

రాత్రి పదిన్నరకు ఫైలు తిరిగొచ్చింది, ఒక వాయిస్ మెసేజీతో:
"ఏందమ్మా, పద్నాలుగేండ్లని రాసినావే. పదారేండ్లు.
నా బిడ్డతో దిద్దించినా. ఏమనుకోవాకు."
మధ్యలో రెండుసార్లు దగ్గు.

తెరిచి చూస్తే పదహారు చేసి ఉంది.
దాని కింద నేను రాయని వాక్యం ఒకటి,
చిన్న గీత పెట్టి పద్ధతిగా:
మాస్కులు ఇచ్చింది ఫోటో తీసిన దినం మాత్రమే.

చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.
నలభై ఎనిమిది ఎంబీల ఆ సూర్యోదయంలో
ఆ పిల్ల వేలు ఎక్కడ పెట్టగలిగేది?

---

సోమవారం.
"లోగో ఏది?" అన్నారు ఒకరు.
"బ్యాక్‌గ్రౌండ్ పడలేదా, ప్రొజెక్టర్ పోయిందా?" అన్నారు ఇంకొకరు.
పోలేదు సార్, ఇంతే.
ఒక్కో మాటా చదివాను. ఏదీ ఎగిరి రాలేదు.
ఆరో పలక దగ్గర ఏసీ చప్పుడు వినపడింది.

బయటికొచ్చాక వరండాలో పెద్దసారు అడిగారు:
"ఆ మాస్కుల లైను తీసేయొచ్చా?"

తీసేయొచ్చు సార్, చాలా తేలిక,
ఒక్క మీట నొక్కితే పోతుంది.
అయితే బరువు లేనిది కదా,
నిన్నటికే ముప్ఫై ఒక్క ఫోన్లకు పాకింది.
అన్నట్టు పొద్దున ఎవరో ఇంకో లైను కలిపి పంపారు.
నేనింకా చదవలేదు.